సూర్యకాంతమ్మగారు కొన్న నూడిల్సు మర

కొట్లో కూర్చునేవాళ్లకు మనుషుల మొహాలకన్నా చేతులే ముందు కనిపిస్తాయి. గిన్నె పట్టుకుని చూసే తీరును బట్టి అది వండే చెయ్యో, వండించే చెయ్యో నేను చెప్పేయగలను. భీమవరం బజారులో మా స్టీలు సామాన్ల కొట్టు మా మామగారి నాటిది. గల్లాపెట్టె దగ్గర మా ఆయన తాతాజీ కూర్చుంటారు. సరుకు చూపించేదీ, బేరమాడేదీ, అవసరమైతే అరిచేదీ నేను. వెంకటదుర్గకు నోరెక్కువని బజారంతా అంటారు. అననివ్వండి. నోరు మెదపని మనిషికి ఏం జరుగుతుందో సూర్యకాంతమ్మగారి విషయంలో చూశాక, నాకున్న నోరు చాలదేమో అనిపిస్తోంది.

ఆవిడ ఆ రోజు గుడ్డసంచితో వచ్చారు. సంచిలోంచి లేత సొరకాయ, రెండు కీర దోసకాయలు, నాలుగు క్యారెట్లు తీసి నా గాజుబల్ల మీద పెట్టారు. ఎదురుగా ఇంకెవరో ప్రెషర్ కుక్కర్లు చూస్తున్నారు. ఇదేం గొడవరా అనుకున్నాను.

"దుర్గమ్మా, కూరగాయల్ని నూడిల్సులా తీసే మరలు వచ్చాయటగా. చూపించు."

"ఏ రకం కావాలండి అమ్మగారూ?"

"నా చెయ్యి తిప్పగలిగిన రకం."

అప్పుడు చూశాను ఆ కుడిచెయ్యి. మణికట్టు దగ్గర ఎముక కాస్త పక్కకు తేలి ఉంటుంది. ఎప్పుడో కోతల రోజుల్లో పెరట్లో జారిపడితే కట్టు కట్టారట. కూలీలకు వంట ఆగిపోతుందని గడువుకు ముందే ఆవిడే కట్టు విప్పేసుకున్నారట. ఆనాటి నుంచి ఆ చెయ్యి బరువు ఎత్తుతుంది గానీ మెలి తిరగదు. మూత బిగుసుకున్న సీసా ఇస్తే పక్కవాళ్లకు అందిస్తారు.

సూర్యకాంతమ్మగారిది భీమవరానికి దగ్గర్లోనే, రొయ్యల చెరువుల మధ్య ఊరు. రాజుల ఇల్లు. పసిపిల్లలను కూడా "రండి, కూర్చోండి" అని పిలిచే ఇల్లు. పాలకొల్లు వైపు నుంచి కోడలిగా వచ్చి నలభై ఏళ్లు దాటింది. వచ్చిన మర్నాడు పొయ్యి ముందు నిలబడ్డ మనిషి మళ్లీ తీరిగ్గా కూర్చోవడం నేనైతే చూడలేదు. మావగారి కాలంలో వడ్లు, భర్త కాలంలో రొయ్యలు. పంట మారింది గానీ, వంట చేసే మనిషి మారలేదు.

మా గోదావరి జిల్లాల మర్యాద గురించి బయటివాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. తినేవాళ్లకు అది గొప్పే. వడ్డించేవాళ్లను అడగాలి దాని సంగతి. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే ఆ వేళ్ల సందుల్లోంచే వడ్డించాలి. "చాలండి" అన్న మాటను నమ్మి వెనక్కి తగ్గితే ఆ ఇంటి పరువు పోయినట్టే. అన్నం దగ్గర ఎవరినీ వద్దనకూడదు, వద్దన్నవాళ్లను వదలకూడదు. ఆ విద్యలో సూర్యకాంతమ్మగారు ఆరితేరిన మనిషి. ఒకసారి పెళ్లి సామాను చూపించడానికి వాళ్లింటికి వెళ్లాను. ఇప్పుడే తిన్నానండి అని ఒట్టు పెట్టినా వినలేదు. కోడికూర, రొయ్యల ఇగురు, పనసపొట్టు కూర, రెండు రకాల పచ్చళ్లు, మీద గడ్డపెరుగు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో కూర్చోలేక ఒరిగిపోయి వచ్చాను.

అలాంటి చెయ్యి ఇప్పుడు సొరకాయను పోగులు తియ్యడానికి మర వెతుక్కుంటూ వచ్చింది. కారణం ఆవిడ భర్త సూర్యనారాయణరాజుగారు. ఆయనకు షుగరు పాతది. మా వైపు భోజనమంటే పప్పుతో ఒక వాయి, కూరతో ఒక వాయి, పులుసుతో ఒకటి, పెరుగుతో ఒకటి. ప్రతి వాయిలోనూ అన్నమే. మాత్ర మింగి ఆ వాయిలన్నీ లాగించేవారు. చెరువు గట్టు మీద నత్తగుల్ల కోసుకుని బొటనవేలికి పుండు పడింది. అది మానక మానక చివరికి ఆ వేలే తీసేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు సూర్యకాంతమ్మగారిని పిలిచి చెప్పారట, పూటకు గుప్పెడు అన్నం మించితే ఈసారి పోయేది వేలు కాదమ్మా, కాలు అని. ఆయన్ని పిలిచి చెప్పలేదు. ఈవిడకు చెప్పారు. తినేది ఆయన, జవాబు చెప్పుకోవాల్సింది ఈవిడ.

హైదరాబాదులో ఉండే కూతురు మంజుష ఫోనులో వీడియో పంపింది. కూరగాయల్ని సేమియా పోగుల్లా తీసి, రెండు నిమిషాలు వేయించి, అన్నం బదులు పెట్టమంది. ఈవిడ ముందు ఇంట్లో ఉన్న జంతికల గొట్టంలో సొరకాయ ముక్కలు కుక్కి నొక్కారట.

"ఏం వచ్చిందండి?" అని అడిగాను.

"నీళ్లొచ్చాయి. గొట్టం పిడి వంగింది."

నాకు నవ్వొచ్చింది. ఆవిడా నవ్వారు. ఆ రోజు ఇంకా నవ్వగలిగేవారు.

సరే, ఉన్నవన్నీ బల్ల మీద పెట్టాను. మొదటిది చేత్తో పట్టుకునేది, పెన్సిలు చెక్కే మరను పెద్దది చేసినట్టుంటుంది. కీర దోసకాయ దూర్చి తిప్పాలి. సొరకాయ దాని నోట్లో పట్టదు. ఆవిడ రెండు మెలికలు తిప్పేసరికి పెదవి బిగబట్టారు. నేను చేతిలోంచి లాగేసుకున్నాను. రెండోది పళ్లున్న పీలరు. క్యారెట్టు మీద లాగితే సన్నటి పోగులొస్తాయి. చవక, కడగడం తేలిక, పాడయ్యేందుకు ఏమీ లేదు. కానీ కాయ చివరికి వచ్చేసరికి వేలి కొస పళ్లకు తగులుతుంది. "ఇంట్లో తెగిన వేళ్లు చాలు" అని పక్కన పెట్టేశారు. మూడోది కరెంటుది. మీట నొక్కితే చాలు. అది నొక్కగానే బజారు తిరిగి చూసింది.

"ఇంత అరుస్తుందేంటి! వంటింట్లో ఇది మొదలెడితే, ఏదో మందు తయారవుతోందని ఆయనకు తెలిసిపోదూ? అన్నం ఉడికితే చప్పుడవుతుందా చెప్పు."

పైగా కడగాలంటే దాన్ని అయిదారు ముక్కలుగా విప్పాలి. విప్పడమంటే మళ్లీ మెలితిప్పడమే. నాలుగోది నిలువుగా ఉంటుంది, కాయను పైనుంచి అదుముతూ తిప్పాలి. అదమడానికి ఆ మణికట్టు ఒప్పుకోలేదు. కుక్కర్లు చూస్తున్నవాళ్లు కుక్కర్లు వదిలేసి ఇటే చూస్తున్నారు. నా బల్ల నిండా దోసకాయ తురుము.

"అమ్మగారూ, ఇది కొట్టా, వంటిల్లా అండి?"

"కోప్పడకు తల్లీ. ఇంటికెళ్లాక తిరగకపోతే నేనెవరికి చెప్పుకోను?"

ఆ మాటకు నా కోపం సర్దుకుంది. మా దగ్గర లేని రకం ఒకటుంది, విజయవాడ నుంచి తెప్పిస్తానని చెప్పాను. అది అడ్డంగా ఉంటుంది. కాయను రెండు వైపులా పళ్లకు గుచ్చి, పక్కనున్న పెద్ద పిడిని నీళ్ల బావి గిలకలా తిప్పాలి. మణికట్టు మెలి తిరగక్కర్లేదు, మోచెయ్యి కదిలితే చాలు. పిడిని వేళ్లతో పట్టుకోవాల్సిన పని లేదు, అరచేత్తో తోసినా తిరుగుతుంది. కింద రబ్బరు కాళ్లు గాలి పీల్చుకుని బల్లకు అతుక్కుంటాయి. మర వచ్చిన రోజున ఆవిడ మళ్లీ సంచితో వచ్చి, నిలబడి, ఒక సొరకాయ మొత్తం పోగులు తీశారు. పొడుగ్గా, తెల్లగా పళ్లెంలో కుప్పపడుతుంటే చిన్నపిల్లలా చూశారు.

"ఇదేనే" అన్నారు. ఎప్పుడూ "నువ్వు" అనడమే తప్ప "ఏమే" అని పిలవని మనిషి.

మర్నాడే ఫోను. వాళ్ల వంటింటి గట్టు గరుకు నాపరాయి. రబ్బరు కాళ్లు అతుక్కోవడం లేదు, మర చేపపిల్లలా జారిపోతోందట. పెద్ద స్టీలు పళ్లెం బోర్లించి, దాని కింద తడిగుడ్డ వేసి, ఆ పళ్లెం మీద అతికించమన్నాను. అతుక్కుంది. ఇక అక్కడి నుంచి రోజూ నాకు వార్తలే. సొరకాయ పోగులకు ముందు ఉప్పు వెయ్యకూడదట, నీరు వదిలేసి మెత్తబడతాయట. మూకుడు బాగా కాలాక పోపులో వేసి, అటూ ఇటూ తిప్పి దించెయ్యాలట. బీరకాయ పనికిరాదట, గుమ్మడి పనికొస్తుందట. నాకు వ్యాపారం ఉంటుందని ఆవిడకు తోచదు. నేనూ ఫోను పెట్టెయ్యలేదు. అన్నేళ్లు అందరికీ పెట్టిన మనిషి, మొదటిసారి తను నేర్చుకున్నది ఎవరికో చెప్పుకుంటోంది.

ఒక ఆదివారం నన్ను భోజనానికి పిలిచారు. రాజుగారి కంచంలో సొరకాయ నూడిల్సు, మీద రొయ్యల ఇగురు, పక్కన గుప్పెడంటే గుప్పెడు అన్నం. నేనూ అదే పెట్టమన్నాను. నిజం చెప్పాలంటే బాగుంది. ఇగురులోని కారం, నూనె పోగులకు పట్టి, నమిలితే కరకరమంటూ దిగింది. రాజుగారు మీసం తుడుచుకుని, "బాగుందండి. ఇంకో నాలుగు పోగులు వెయ్యండి" అన్నారు. సూర్యకాంతమ్మగారు నా వైపు చూశారు. ఆ చూపు పరీక్ష పాసైన పిల్లది.

ఆ తర్వాత నెలలు గడిచాయి. షుగరు మాత్రం దిగలేదు.

చూపించుకోవడానికి వెళ్లినప్పుడల్లా డాక్టరు కాగితం చూసి ఈవిడ మీదే విసుక్కునేవారట. "ఇంట్లో ఏం పెడుతున్నారమ్మా? చెప్తే అర్థం కాదా?" అని అందరి ముందూ అన్నారట. రాజుగారు పక్కనే కూర్చుని గోడ మీద కేలండరు చూశారట. ఇంటికొచ్చి ఈవిడ క్యారెట్టు మానేశారు. తర్వాత గుమ్మడి మానేశారు. ఇగురులో నూనె తగ్గించారు. ఆ గుప్పెడు అన్నంలో సగం తీసేశారు. అదీ చాలక ఒక రోజు నా కొట్టుకు వచ్చి నిలబడ్డారు.

"దుర్గమ్మా, దీనికి ఇంకా సన్నటి బ్లేడు ఉందా?"

"ఎందుకండి?"

"పోగు లావుగా వస్తోందేమో. అందుకే తగ్గట్లేదేమోనని."

"అమ్మగారూ, పోగు లావుకూ షుగరుకూ సంబంధం ఏంటండి!" అని అరిచాను. ఆవిడ బెదిరిపోయారు. తప్పంతా తన చేతిలోనో, తను కొన్న మరలోనో ఉందని ఆ మనిషి నమ్మేసింది. ఎదుటివాడి నోట్లో ఉండొచ్చని ఒక్కసారి కూడా తోచలేదు. సన్నటి బ్లేడు తెప్పించి ఇచ్చాను. ఏం చేస్తాను?

ఆ నోటి సంగతి నా కంటనే పడింది. రాజుగారి అక్క సుభద్రాయమ్మగారిది అదే ఊరు, చెరువులకు వెళ్లే దారిలో మేడ. వాళ్ల మనవరాలి ఓణీల వేడుకకు గంగాళాలు కావాలంటే ఆటోలో వేసుకుని వెళ్లాను. పదకొండు గంటల వేళ. హాల్లోకి అడుగుపెడితే భోజనాల బల్ల దగ్గర రాజుగారు. ముందు అరిటాకు. ఆకు మీద తెల్లటి కుప్ప, మధ్యలో గుంట, గుంటలో నెయ్యి. పక్కన బొబ్బట్లు. సుభద్రాయమ్మగారు గరిటె పట్టుకుని నిలబడి ఉన్నారు.

"తినండి తమ్ముడూ. ఇంటికెళ్తే మళ్లీ ఆ పీచే కదా. ఆ పోగులు మేకకు వెయ్యండి, అదీ ముట్టదు."

ఆయన నన్ను చూశారు. నమలడం ఆపలేదు.

"ఏం దుర్గమ్మా, ఇలా వచ్చావ్?"

"గంగాళాలు తెచ్చానండి. మీరు ఇక్కడ భోంచేస్తున్నారేంటండి?"

"అక్కగారు పెడుతుంటే కాదంటానా? బాధపడతారు. రోజూ వెళ్లే దారే కదా." ఒక ముద్ద కలిపారు. "ఈ మాట మా ఇంటిదాకా మోసుకెళ్లకు."

రోజూ అన్నారు. నా చెవులారా విన్నాను. అంటే రోజూ ఇక్కడ నాలుగు వాయిలు పట్టించి, మధ్యాహ్నం ఇంటికెళ్లి ఆ పోగులు కొద్దిగా కెలికి, బాగుందండీ అని మీసం తుడుచుకుంటున్నారు. నా ఒళ్లు మండిపోయింది.

"కాలు మీది, మీ ఇష్టమండి రాజుగారూ. కానీ ఆ మర తిప్పే చెయ్యి మీది కాదు కదండి" అన్నాను.

సుభద్రాయమ్మగారు గరిటె గట్టిగా గిన్నెలో పెట్టి, "గంగాళాలు అక్కడ దింపించి వెళ్లమ్మా" అన్నారు. దింపించాను. అదే ఆటోలో తిన్నగా సూర్యకాంతమ్మగారింటికి వెళ్లాను. మోసుకెళ్లొద్దన్న మాట మోసుకెళ్లాను, ఇవాళ అయినా మోసుకెళ్తాను.

ఆవిడ వంటింట్లో మర తిప్పుతున్నారు. నేను చెప్పినంతసేపూ తిప్పుతూనే ఉన్నారు. సొరకాయ అయిపోయింది. గింజల బొడ్డు ఒక్కటీ మిగిలాక, చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, "పద" అన్నారు.

"ఎక్కడికండి?"

"వదినగారింటికి."

ఆ మేడ మెట్లెక్కి ఆవిడ చెయ్యబోయే పని ఎలాంటిదో బయటివాళ్లకు తెలియదు. మా వైపు మొగుణ్ణి తిట్టొచ్చు, ఆస్తి గొడవ పడొచ్చు, ఏళ్లకేళ్లు మాటలు మానేసి ఒకే వీధిలో బతకొచ్చు. అన్నిటికీ మాఫీ ఉంది. ఒకరింటికి వెళ్లి, మా మనిషికి అన్నం పెట్టొద్దని మాత్రం అనకూడదు. ఆ మాట ఈవిడ అన్నారు. రాజుగారు అప్పుడే చెయ్యి కడుక్కుని తువ్వాలు అందుకుంటున్నారు. ఈవిడ ఆయన వైపు చూడలేదు. వదినగారికి రెండు చేతులూ జోడించారు.

"వదినగారూ, మీకు దణ్ణం పెడతాను. ఆయనకు అన్నం పెట్టకండి."

పనివాళ్లు చేస్తున్న పని ఆపి ఇటు తిరిగారు.

"ఏంటీ? మా పుట్టింటి మనిషికి నా ఇంట్లో పట్టెడన్నం పెట్టొద్దని చెప్పడానికి వచ్చారా మీరు?"

"కాలు తీసేస్తామన్నారండి."

"అన్నం తిన్నవాళ్ల కాళ్లన్నీ తీసేస్తే ఈ జిల్లాలో నడిచేవాళ్లెవరండి?"

ఎవరో నవ్వారు. రాజుగారు తువ్వాలు కుర్చీ మీద విసిరి, భార్యను దాటుకుని బయటికి వెళ్లిపోయారు. దాటేటప్పుడు "నన్ను తలెత్తుకోకుండా చేశారు" అన్నారు, అంతే. నేను నోరు తెరవబోతే ఈవిడ నా చెయ్యి పట్టుకున్నారు. ఆ వంకర చేతికి అంత పట్టు ఉందని అనుకోలేదు.

ఆ మాట సాయంత్రానికి ఊరంతా తిరిగింది. నాలుగు రోజుల్లో మా బజారుకు కూడా వచ్చింది. సూర్యకాంతమ్మగారు మొగుడికి అన్నం పెట్టరట, పెట్టేవాళ్లను పెట్టనివ్వరట. నలభై ఏళ్లు ఆవిడ చేతి అన్నం తిన్న ఊరు ఇది. శుభకార్యాలకు వెళ్తే, "మీకు అన్నం వడ్డించొచ్చాండీ, తప్పేం కాదు కదా" అని వెటకారం. రాజుగారు ఆవిడతో మాటలు మానేశారు. ఇక దాపరికం అక్కర్లేకపోయింది. పొద్దున్నా మధ్యాహ్నమూ అక్కగారింట్లోనే. ఈవిడ మాత్రం రోజూ పోగులు తీసి, వండి, మూత పెట్టి ఉంచేవారు. సాయంత్రం దాన్ని తీసి గేదెకు వేసేవారు. ఎందుకండి ఈ చాకిరీ, మానెయ్యండి అని నేను ఎన్నిసార్లు చెప్పానో.

"ఒకవేళ ఆకలేసి వస్తే?" అనేవారు.

ఆయన ఆకలేసి రాలేదు. జ్వరమొచ్చి వచ్చారు. చెప్పు పట్టీ ఒరుసుకున్న చోట చిన్న పుండు, అది కాస్తా నల్లబడి పైకి పాకింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్తే మోకాలి కింద నుంచి తీసేశారు.

ఇంటికి తెచ్చాక చూడటానికి వెళ్లాను. హాల్లో మంచం. చుట్టూ కుర్చీలేసుకుని చుట్టాలు, పక్కాలు. బల్ల మీద యాపిల్ పళ్లు, హార్లిక్స్ సీసాలు, రెండు పెట్టెల పూతరేకులు. షుగరుతో కాలు పోయిన మనిషిని పలకరించడానికి పూతరేకులు పట్టుకొచ్చేవాళ్లు మా జిల్లాలోనే ఉంటారు. సూర్యకాంతమ్మగారు అందరికీ కాఫీలు తిప్పుతున్నారు. మనిషి సగమైపోయారు.

సుభద్రాయమ్మగారు మంచం పక్కనే కూర్చుని, కళ్లొత్తుకుంటూ, వచ్చినవాళ్లందరికీ వినపడేలా చెబుతున్నారు.

"ఏడాదిగా ఆ పీచు తినిపించి మనిషిని పీల్చి పిప్పి చేసేసింది. ఒంట్లో బలం ఉంటే పుండు మానదాండీ? అన్నం లేక పోయిందండి మా తమ్ముడి కాలు."

అందరూ అయ్యయ్యో అన్నారు. ఒకావిడ వంటింటి వైపు చూసి, "ఆ మర ఇంకా ఇంట్లోనే ఉందా?" అంది. నేను రాజుగారిని చూశాను. నిజం తెలిసిన మనిషి ఆ గదిలో మంచం మీదే ఉన్నారు. ఒక్క మాట చాలు. "అలా అనకండి, నేను మీ ఇంట్లోనే తింటున్నాను కదా అక్కగారూ" అంటే చాలు. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు.

"ఏవండీ సుభద్రాయమ్మగారూ," అని లేచాను, "మీ బల్ల దగ్గర రోజూ నాలుగు వాయిలు తిన్న మనిషి ఈయన కాదాండీ? నేను చూడలేదా?"

నా గొంతు వీధిలోకి వినపడే ఉంటుంది. కాఫీ గ్లాసులు గాల్లో ఆగిపోయాయి. సుభద్రాయమ్మగారు ఏమనేవారో గానీ, ఈలోగా సూర్యకాంతమ్మగారు పళ్లెం కింద పెట్టి, నన్ను జబ్బ పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లిపోయారు.

"ఊరుకో."

"ఎందుకూరుకోవాలండి? ఆయన నోరు విప్పరు, మీరు విప్పరు, నేనూ విప్పకూడదా?"

"కాలు పోయింది. ఉన్న పరువు కూడా నలుగురిలో తీసేస్తే ఇంకేం మిగులుతుందే ఆయనకి?"

"మరి మీ పరువో?"

ఆవిడ గిన్నెలో అట్టేపెట్టిన కాఫీ నాకు గ్లాసులో పోసి, "తాగి వెళ్లు" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. కోపంతోనే వచ్చింది. ఆవిడ మీదే ఎక్కువ కోపం.

పలకరింపులు కొన్నాళ్లకు అయిపోయాయి. రాజుగారు ఇక అక్కగారింటికి నడిచి వెళ్లలేరు. మోసుకెళ్లడానికి ఆ మేడ నుంచి ఎవరూ రాలేదు. మొదట్లో క్యారియరులో అన్నం వచ్చేది, తర్వాత పండగలకు వచ్చేది, తర్వాత అదీ లేదు. మంచం మీద మనిషికి స్నానం చేయించడం, కట్టు మార్చడం, బాత్రూముకు పట్టుకుని తీసుకెళ్లడం, ఇవేవీ మర్యాదలో లేవు కదా. అవన్నీ ఆ వంకర చేతి పనే. ఇప్పుడాయన ఆవిడ పెట్టింది తింటున్నారు. సొరకాయ పోగులు, ఇగురు, గుప్పెడన్నం. వేరే దారి లేదు.

మొన్న సూర్యకాంతమ్మగారు కొట్టుకు వచ్చారు. మర బ్లేడు మొద్దుబారిందట, కొత్తది కావాలన్నారు. వెతికి ఇచ్చాను.

"ఎలా ఉన్నారండి రాజుగారు?"

"బానే ఉన్నారు. నిన్ననే డాక్టరు గారికి చూపించాం. షుగరు బాగా దిగిపోయిందమ్మా. ఆయనే ఆశ్చర్యపోయారు. ఏం పెడుతున్నారమ్మా అని అడిగారు. చెప్పాను. మర సంగతి, పోగుల సంగతి అన్నీ చెప్పాను."

"మెచ్చుకున్నారా మరి?"

"ఈ తిండేదో ముందే మొదలెట్టాల్సిందమ్మా, కాలు దక్కేది కదా, ఇంత ఆలస్యం చేశారేంటి అన్నారు."

నేను బిల్లు రాయడం ఆపేశాను. "మీరేమన్నారండి?"

"ఏమంటాను? ఆయన పక్కనే చక్రాల కుర్చీలో ఉన్నారు కదా. ఆయనే చెప్తారేమోనని చూశాను."

"చెప్పారా?"

ఆవిడ బ్లేడును కాగితంలో చుట్టి, గుడ్డసంచిలో పెట్టుకున్నారు.

"చెప్పారు. నేనూ అదే అంటున్నానండి డాక్టరు గారూ, అన్నారు."